నీలికనుమ దాటిన బస్సు

మా కంపెనీ బస్సులో నా సీటు డ్రైవర్ పక్కన, ఇంజన్ బానెట్ మీద. కింద కాలుతుందని గోనెసంచి నాలుగు మడతలు వేసుకుని కూర్చునేదాన్ని. పదో తరగతి పాసైనందుకు నాకు దక్కిన గౌరవం ఆ సీటు ఒక్కటే. బొల్లారంలోని ఆ మందుల కంపెనీలో చదువు వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ ప్యాకింగ్‌లో ఒకటే పని: డ్రమ్ములోని పొడి ఎత్తి సంచుల్లో పోసి, తూకం వేసి, మూతి కట్టడం. బస్సులో మాత్రం నేను చదివేదాన్ని, మిగతా నలభై మంది వినేవాళ్ళు.

అవి తొంభైల మొదటి సంవత్సరాలు. ఒక వారపత్రికలో జానపద సీరియల్ వచ్చేది. ఒక మంత్రగత్తె ఒక పట్టణం నిద్రనంతా దొంగిలించి మూతున్న రాగిబుర్రలో దాచిపెట్టుకుంటుంది. గుర్రాలకు జీనులు కుట్టే యువకుడొకడు ఆ నిద్రను తిరిగి తేవడానికి కనుమలు దాటుతూ పోతాడు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకు ఇంతకంటే దగ్గరి కథ ఎవరు రాస్తారు? ఆ రచయిత మా బస్సు ఎక్కి చూసి రాశాడేమోనని మాకు అనుమానం.

కథ పత్రికలో ఉండిపోలేదు. గేటు దగ్గర కార్డు గుద్దే మిషన్‌కు రాగిబుర్ర అని పేరు పడింది. ఓవర్‌టైమ్ చేసి వచ్చినవాడు సీట్లో కూలబడి "మల్ల బుర్రల వడ్డ" అనేవాడు. ప్రొడక్షన్ మేనేజర్ మీసాలున్న మగమనిషే అయినా మాకు మంత్రగత్తె. ఆయన వస్తుంటే ప్యాకింగ్‌లో ఆడవాళ్ళం "ముసల్ది వస్తుంది" అని సైగ చేసుకునేవాళ్ళం. ఇంటి దగ్గర మా వదిన పిల్లలను పడుకోబెడుతూ మూత తీసినట్టు చెయ్యి తిప్పి "బుర్ర మూత దీసిన, ఇగ పండుండ్రి" అనేది.

పత్రిక గురువారం పటాన్‌చెరు బస్టాండు దగ్గర దొరికేది. డ్రైవర్ బస్సు ఆపి హారన్ కొడితే దుకాణమాయన పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి అందించేవాడు. అక్కడి నుంచి కంపెనీ గేటు వరకే నా చదువు. మొదటి షిఫ్టు బస్సు ఆలస్యమైతే అందరికీ సగం రోజు కోత. అయినా ఆ డ్రైవర్, పెద్ద వయసు ముసల్మాన్, గురువారం నాడు బండిని నడిపించినట్టు కాక మోసుకుపోయినట్టు తీసుకెళ్ళేవాడు. "ఆరామ్‌సే సదువమ్మా, జల్దీ నక్కో" అని తొందర వద్దనేవాడు. కానీ గేటు వచ్చేలోపు ఆ వారం భాగం అయిపోవాలి. సగంలో ఆపితే వెనక సీట్లవాళ్ళు నన్ను దిగనిచ్చేవాళ్ళు కాదు. అందుకని వర్ణనలు వచ్చినచోట రెండు మూడు లైన్లు మింగేసి సంగతి దగ్గరికి దూకేదాన్ని. దీన్ని నేనొక నేర్పు అనుకునేదాన్ని కూడా.

నాకు ఆ ఉద్యోగం పెట్టించింది మా అన్న. వాడిది ప్రొడక్షన్‌లో, మందు తయారయ్యే రియాక్టర్లనే పెద్ద ఉక్కు పీపాల దగ్గర పని. కంది దగ్గర మాకు కొంత చెలక భూమి ఉండేది. బావిలో నీళ్ళ రంగు మారి పంట మాడిపోయాక, ఆ నీళ్ళను పాడుచేసిన కంపెనీల్లాంటి కంపెనీలోకే కూలికి వెళ్ళాడు. మూడో తరగతితో బడి మానేశాడు. నేను చదివిన భాగాన్ని మాత్రం ఒక్క మాట పోకుండా సాయంత్రం వదినకు చెప్పేవాడు, గొంతులు మార్చి, చేతులు ఊపి. వదిన రొట్టెలు చేస్తూ వినేది. కథ మంచి చోట ఉంటే పెనం మీది రొట్టె మాడిపోయేది.

ఒక గురువారం నీలికనుమ భాగం వచ్చింది. ఆ కనుమలో గాలే విషం. ఒక్క ఊపిరి పీల్చినా మనిషి రాయైపోతాడు. జీనుల యువకుడు గుండెలనిండా గాలి నింపుకుని, ఇంటి దగ్గర తన కోసం ఎదురుచూసేవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే మనసులో తలచుకుంటూ నడుస్తాడు. పేర్లు అయిపోయేదాకా ఊపిరి తెగదు. ఆ రోజు బస్సు ఆలస్యంగా వచ్చింది. గేటు కనిపిస్తోంది, ఇంకా పేజీ ఉంది. గబగబా చదివి, అతను కనుమ అవతల పడి గాలి పీల్చుకోవడంతో ముగించాను. బస్సులో ఎవరూ వెంటనే లేవలేదు.

మర్నాటి నుంచి అది మా ఆట. పటాన్‌చెరు దాటాక వాగు మీద కల్వర్టు ఒకటుండేది. ఆ వాగు ఒక రోజు ఎర్రగా, ఒక రోజు పచ్చగా పారేది. వాసనకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. కల్వర్టు రాగానే డ్రైవర్ "కనుమ" అనేవాడు. బస్సంతా ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని, ఇంట్లోవాళ్ళ పేర్లు లోలోపల చదువుకునేది. బాయిలర్ దగ్గర పనిచేసే పెద్దాయనకు మనవళ్ళూ మనవరాళ్ళూ కలిపి పెద్ద జాబితా. పెళ్లికాని ఫిట్టరొకడు సినిమా హీరోయిన్ల పేర్లు చదువుకుంటాడని అందరూ ఏడిపించేవాళ్ళు. మా అన్నకు ఉన్నది అమ్మ, వదిన, ఇద్దరు పిల్లలు, నేను. ఐదు పేర్లతో కల్వర్టు దాటడం కష్టం. అందుకని అమ్మేసిన ఎద్దుల జతనూ, చనిపోయిన నాన్ననూ కలిపాడు. అది తొండి అన్నాను. "బాపు గూడ నాకోసం సూస్తనే ఉన్నడు గదనే, జెర దూరం నుంచి" అన్నాడు. చివరికి బస్సులో అందరికంటే ఎక్కువసేపు ఊపిరి పట్టేది వాడే. కల్వర్టు దాటి వేపచెట్ల దాకా వచ్చినా వాడి బుగ్గలు ఉబ్బే ఉండేవి. గర్వంతో నావైపు చూసేవాడు. నాకూ గర్వంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం, రియాక్టర్‌లో పొడి పోస్తుండగా ఎవరి చేతిలోంచో పొడి తోడే స్టీలు డొక్కు జారి లోపల పడింది. అది తీస్తే తప్ప తర్వాతి బ్యాచ్ ఎక్కదు. రియాక్టర్ నిండా నైట్రోజన్. దానికి రంగూ లేదు, వాసనా లేదు, గాలి లాగే ఉంటుంది, కానీ పీలిస్తే ప్రాణం నిలవదు. గాలి మాస్కు స్టోర్‌లో ఉంది. స్టోర్ తాళంచెవి అన్నానికి వెళ్ళినవాడి జేబులో ఉంది. సూపర్‌వైజర్ గడియారం చూసుకుంటూ "జల్దీ ఏదో ఒకటి చెయ్యండి" అన్నాడట. మూత దగ్గరున్న ఆపరేటర్ తర్వాత నాకు చెప్పాడు, మా అన్న నవ్వుతూ చొక్కా విప్పాడని.

"గా మాస్కు వచ్చేదాంక ఎవడు కూసుంటడు? నా మంది పేర్లు సగం గాకముందే పైకొస్త" అన్నాడట.

దిగాడు. డొక్కు అందుకున్నాడు కూడా. నిచ్చెన రెండు మెట్లు ఎక్కి ఆగాడు. ఊపిరి పట్టడం సీట్లో కూర్చున్నవాడికి వేరు, వంగి బరువెత్తి నిచ్చెన ఎక్కేవాడికి వేరు. లోపల ఒక్కసారి పీల్చుకుని ఉంటాడు. అరుపు లేదు, పెనుగులాట లేదు. చేతిలోని డొక్కు మళ్ళీ కిందపడిన చప్పుడొక్కటే వినబడిందట. మాస్కు వచ్చి, మనిషి దిగి, నడుముకు తాడు కట్టి పైకి లాగేసరికి అంతా అయిపోయింది. నేను అప్పటికి ప్యాకింగ్‌లో అన్నం తిని చేతులు కడుక్కుంటున్నాను.

ఎక్కడ తెగింది వాడి ఊపిరి? అమ్మ దగ్గరా, పిల్లల దగ్గరా? నా పేరు దాకా వచ్చాడా? ఎన్నో ఏళ్ళు నన్ను తినేసిన ప్రశ్న ఇది. ఇప్పటికీ వదల్లేదు.

మూడో రోజు కంపెనీ పర్సనెల్ ఆఫీసర్ మా ఇంటికే వచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. టైపు చేసిన కాగితం తెచ్చాడు. మృతుడు బస్సులో కథలు విని ఊపిరి బిగబట్టే పందేలకు అలవాటుపడ్డాడని, ఎవరూ చెప్పకుండా సొంత సరదాతో రియాక్టర్‌లోకి దిగాడని అందులో ఉంది. కథలు చదివేదాన్ని నేనే కాబట్టి నా సంతకం కావాలి. "ఉన్నదే కదమ్మా రాసింది" అన్నాడు. సూపర్‌వైజర్ తొందర, స్టోర్ తాళం ఆ కాగితంలో ఎక్కడా లేవు. నేను సంతకం పెడితే మా అన్న ఆటకు చచ్చినవాడవుతాడు. పనిలో పోయినవాడి భార్యగా వదినకు రావాల్సిన ఉద్యోగం ఉండదు. లేబర్ ఆఫీసర్ విచారణ ముందుంది కాబట్టి అక్కడే చెబుతానని పంపించేశాను. ఒళ్ళు మండిపోయింది. ఎందుకు ఎక్కువ మండిందంటే, అందులో కొంత నిజం ఉంది.

మర్నాడు బస్సెక్కితే, కాగితం సంగతి అప్పటికే తెలిసిన బాయిలర్ పెద్దాయన నిలబడి ఉన్నాడు. డ్రైవర్ బండి పక్కకు ఆపాడు.

"ఈ బస్సుల ఎవ్వలు కథ సదవలే, ఎవ్వలు ఇనలే. మనం ఎక్కుతం, పండుకుంటం, దిగుతం. అడిగితే గిదే మాట. సమజైందా?" అన్నాడు పెద్దాయన. నలభై తలలూ ఊగాయి. తర్వాత నా వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వు కత్తిరించి దాసినయన్ని రేపు తీస్కరా. బాయిలర్ల ఏస్త."

సీరియల్ పేజీలన్నీ దారంతో కుట్టి పెట్టెలో దాచుకునేదాన్ని. ఆ సాయంత్రం తీశాను. ఇచ్చేముందు ఒక్కసారి చూద్దామని నీలికనుమ పేజీ తిప్పాను. గేటు వస్తోందని నేను మింగేసిన పేరా అక్కడుంది. కనుమ మొదట్లో ఒక ముసలమ్మ యువకుణ్ణి ఆపుతుంది. ఇంటివాళ్ళ పేర్లు ధైర్యానికే పనికొస్తాయి, ప్రాణానికి కాదు అంటుంది. అతని నడుముకు జీనుతాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుని, గట్టున నిలబడుతుంది. సగం దూరంలో అతని ఊపిరి తెగబోతుంది. తాడు లాగి వెనక్కి తెచ్చి, మళ్ళీ పంపిస్తుంది. మూడోసారికి గానీ అతను దాటడు.

ఆ పేరా నేను చదివి వినిపించి ఉంటే మా అన్న తాడు అడిగేవాడా? అడిగినా ఆ సూపర్‌వైజర్ ఇచ్చేవాడా? తాడు ఉంచాల్సింది కంపెనీ, కథ కాదు. ఈ వాదన నాకు కంఠతా వచ్చు. కానీ మా అన్న నేను చదివింది అక్షరం పోకుండా నమ్మేవాడు. ముసలమ్మ ఉందని తెలిస్తే ఆటలో కూడా ఎవరినో ఒకరిని ముసలమ్మను చేసి నిలబెట్టేవాడు. వాడి సంగతి నాకు తెలుసు.

పేజీలన్నీ బాయిలర్‌లో పడ్డాయి. విచారణలో లేబర్ ఆఫీసర్ అడిగితే "కథల్లేవు సార్, బస్సుల నిద్రవోతం" అన్నాను. నా వెనక నలభై మందీ అదే అన్నారు. తాళంచెవి సంగతి రికార్డులోకి ఎక్కింది. వదినకు ప్యాకింగ్‌లో పని వచ్చింది. ఆ సీరియల్‌ను నేను మళ్ళీ ముట్టుకోలేదు.

కొన్ని నెలల తర్వాత, ఇద్దరం పక్కపక్కన సంచుల మూతులు కడుతుంటే వదిన ఉన్నట్టుండి అడిగింది.

"కథల ఆయన ఒక్క ఊపిరిల దాటిండు గదా. మీ అన్న ఆయనకన్న ఎక్కువసేపే పడుతుండె. మల్ల ఎందుకు రాలేకపోయిండు?"

"అది కథ వదినా" అన్నాను.

"గట్లనే" అంది. ఇంకో సంచి అందుకుంది.

కంపెనీ మూతపడింది. పిల్లలు పెద్దవాళ్ళై వాళ్ళ ఇళ్ళకు వెళ్ళారు. అమ్మ పోయింది. వదినా నేనూ ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉంటాం. ఆమెకు చదువు రాదు. ఉత్తరమైనా, మందుచీటీ అయినా చదివిపెట్టేది నేనే. నిన్న నేను ఇది రాస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"ఏం రాస్తున్నవ్ గంతసేపు? సదువు, ఇంట" అంది.

కరెంటాఫీసుకు అర్జీ అని చెప్పాను. ఆమె నమ్మింది.