అక్క మూడు మూకుళ్ళు

మోతీ ఒక్క దూకు దూకి పెద్దాయన తలపాగా లాగి కిందపడేసింది. మడతల్లోంచి రొట్టెముక్క రాలింది. "దొంగ దొరికిండు!" అని పాలక్క చప్పట్లు కొట్టింది.

యుద్ధం రోజుల్లో మాదన్నపేటలో మా ఇంటికి పాలు పోసేది ఆమె. పెద్దాయన ఆమె అన్న. బర్రెలు ఆయనవి, కుక్క మోతీ ఆమెది. పాలు పితికే వేళకు మోతీ బర్రెల కాళ్ళ మధ్య ఉరికేది. బెదిరిన బర్రెలు చేపేవి కావు, పొదుగులోకి పాలు దిగేవి కావు. కుక్కను సైదాబాద్ అవతల వదిలేస్తానని ఆయన పట్టుబట్టాడు.

"దాని బుర్రకు పని లేదన్నా, గందుకే గీ లొల్లి," అనేది అక్క. ఎవరేమన్నా ఆమెది అదే మాట. రోజూ పితికే ముందు మూడు మూకుళ్ళు బోర్లించి, ఒకదాని కింద రొట్టెముక్క దాచి, వాటిని అటూ ఇటూ జరిపేది. మోతీ వాసన పట్టి, ముక్క ఉన్న మూకుడును మూతితో తోసేది. తర్వాత గంప కింద, గడ్డిలో వెతుకులాట. ఆట ముగిసేసరికి అలసి పడుకునేది.

కుక్క తనంతట తానే కనిపెడుతోందంటే అన్న నమ్మలేదు. "నువ్వు సైగ చేస్తున్నవే చెల్లె! ఇయ్యాల నేను దాస్తా. తప్పిందా, రేపే తోల్కపోత," అన్నాడు. మూకుళ్ళ కింద ఏమీ పెట్టకుండా ముక్కను తలపాగాలో దోపుకున్నాడు. మోతీ మూడింటినీ వాసన చూసి, ఆయన వైపు తిరిగింది.

మరునాటి నుంచి ముక్క దాచే పని ఆయనదే. "ఇయ్యాల దొరకది, సూడు!" అని ముందే నవ్వేవాడు. కుక్కను ఉంచుకుందామన్న మాట మాత్రం, నేను ఆ వీధి వదిలేదాకా ఆయన నోట రాలేదు. ఎప్పుడడిగినా "జూద్దాం" అనేవాడు.