అజాన్‌కొక గోలీ

మా అత్తకు నడుము మీద సర్పి పొక్కులు లేసినాయి. తన ఊరు పెద్దకడుబూరులోనే నాటుమందుగా ఎర్రమన్ను జాజు పూయించుకుంటానని మొండికేస్తే, బతిమాలి ఆదోనికి పిలుచుకొచ్చి డాక్టరుకు చూపించినాం. రోజుకు ఐదుసార్లు మాత్ర, నీళ్లు బాగా తాగాల అన్నాడు.

నేను పొద్దున్నే డ్యూటీకి పోతాను. అత్తకు గడియారం చూసేది రాదు. ఎట్లా అని దిగులు పడతాంటే పక్కింటి ఖైరున్‌బీ, "రోజుకు ఐదు అజాన్‌లు కదమ్మా. అజాన్‌కొక గోలీ మింగమను" అనింది. భలే ఉపాయం అనుకున్నాను.

ఈ రోజు సెలవు, ఇంట్లోనే ఉన్నాను. తెల్లారుజామున ఒకటి మింగిన అత్త మళ్లీ మధ్యాహ్నం దాకా డబ్బా ముట్టలేదు. సాయంత్రం అజాన్‌కు మింగింది, రెండు గంటలన్నా కాకముందే పొద్దుగూకే అజాన్‌కు మళ్లీ డబ్బాలో చెయ్యి పెట్టింది. ఆపి, డాక్టరుకు ఫోన్ చేసినాను.

"మేలుకున్నంతసేపూ నాలుగు గంటలకొకటమ్మా. ఒకటి తప్పిపోయిందని రెండు కలిపి ఎయ్యొద్దు" అన్నాడు.

ఫోన్‌లో అలారం పెట్టినాను. రాత్రి అది మోగినాక మాత్ర ఇయ్యబోతే అత్త నోరు తెరవలేదు.

"అజాన్ ఎప్పుడో అయిపాయ కదా పాపా, ఇప్పుడేం గోలీ?"

"అజాన్ నమాజుకు అత్తా, గోలీకి కాదు!" అని అరిచినాను.

అది విని ఖైరున్‌బీ గోడ మీదనుంచి తల పెట్టి, "అక్కా, గోలీ టైమైంది, మింగు" అనింది. అత్త టక్కున మింగి, చెంబుడు నీళ్లు తాగేసింది.

ఇంతకీ మా అత్త నమ్మింది అజాన్‌నా, ఖైరున్‌బీనా? మీరే సెప్పండప్పా. డాక్టరునూ నన్నూ కాదని మాత్రం తెలిసిపోయింది.