వీపు తడవని మనిషి

మా మేనల్లుడు కామాక్షయ్య జీవితంలో మొదటి గెలుపు పెద్దవల తాడు మీద ఒక చోటు. జువ్వలదిన్నెకు పక్కనున్న మా పల్లెలో మీసం మొలిచిన ప్రతి మగవాడికీ అడగకుండానే దొరికే చోటు అది. మావాడికి మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకుంటేగాని దొరకలేదు. 1960 ఎండాకాలంలో దాన్ని సంపాదించాడు. వీధిబడిలో ఐదో తరగతి దాకా చదివి, రోడ్డు కోసం, బావి కోసం, తుఫాను సాయం కోసం ఈ పల్లె పెట్టిన అర్జీలన్నీ రాసినవాణ్ణి నేను. కాబట్టి ఈ సంగతి రాయవలసిందీ నేనే.

కామాక్షయ్య మా చెల్లెలు పేరమ్మ కొడుకు. పుట్టినప్పుడు బిడ్డలో ఏ లోపమూ కనపడలేదు. ఎండాకాలం వచ్చేసరికి ఒళ్లు పెనంలా కాలడం మొదలుపెట్టింది. జ్వరమనుకుని కషాయం పోశారు. గాలి సోకకుండా గుడ్డలు చుట్టారు. చుట్టినకొద్దీ బిడ్డ కళ్లు తేలేసేవాడు. పాకే వయసు వచ్చాక తనకు కావలసిన మందు వాడే వెతుక్కున్నాడు. పొద్దెక్కగానే పాక్కుంటూ పోయి మంచినీళ్ల కుండకు వీపు ఆనించి కూర్చునేవాడు. పేరమ్మ అది కనిపెట్టి, కుండ పక్కనే ఇసుక తడిపి, దాని మీద పడుకోబెట్టి పెంచింది. పళ్లు కూడా వాడికి అందరిలా రాలేదు. ముందర మేకుల్లా కొన్ని, అంతే. జుట్టు పల్చన. చెమట పట్టదన్న సంగతి మాత్రం తాడు పట్టే వయసు దాకా ఎవరికీ తట్టలేదు. సముద్రం ఒడ్డున బతికేవాళ్లం. ఒంటి మీద తడి ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరు ఆలోచిస్తారు?

పెద్దవల చూడనివారికి చెబుతాను. పడవలో వలను లోపలికి తీసుకుపోయి, వంపు తిప్పి సముద్రంలో వదులుతారు. రెండు కొసల తాళ్లు ఒడ్డుకు తెస్తారు. ఒక్కో తాడుకు ఒక్కో జట్టు చొప్పున, కాళ్లు ఇసుకలో దిగేసి, వెనక్కి వాలి లాగుతారు. వల ఒడ్డెక్కాక, చేపలు పంచే ముందు మా పల్లెలో ఒక ఆచారం ఉండేది. వల యజమాని హజరత్తయ్య తాడు వెంబడి నడుస్తూ ఒక్కొక్కరి వీపు మీద అరచెయ్యి వేసి చూసేవాడు. వీపు తడిగా ఉంటే లాగినట్టు. పొడిగా ఉంటే తాడు పట్టుకుని ఊరకే నిలబడినట్టు. పొడి వీపుకు చేపల్లో పాలు లేదు. అది వాళ్ల తాతల నాటి కట్టుబాటు. ఆ అరచేతి తీర్పును కాదన్నవాడు లేడు.

కామాక్షయ్య లాగుతూ లాగుతూ మధ్యలో తాడు వదిలి, సముద్రంలో ఒక మునక వేసి వచ్చి మళ్లీ పట్టేవాడు. ఒళ్లు కాలిపోతుంటే ఏం చేస్తాడు పాపం! తోటివాళ్లకు అది వేరేగా కనపడింది.

"ఏమబ్బా కామాక్షీ, చెమట పట్టక సముద్రాన్ని అడిగి పూసుకుంటా ఉండావా?" అన్నాడు తాడు మీద వాడికి ముందు నిలబడే చిన్నపోలయ్య.

"నా సంగతి నీకెందుకన్నా? లాగతా ఉండానా లేదా, అది చూడు."

"యాడ చూసేది? తాడు ఈడ ఉంటాది, నువ్వు ఆడుంటావు!"

అందరూ నవ్వారు. హజరత్తయ్య నవ్వలేదు. కామాక్షయ్య వీపు తడిమి, అరచెయ్యి నాలుకకు ఆనించి చూశాడు. కారం ఉప్పు చూసినట్టు చూసి, ఉమ్మేశాడు.

"ఇది సముద్రం ఉప్పు. ఒంటి ఉప్పు ఇట్టా ఉండదు. నా కండ్లకే గంతలు కడతావేంట్రా?"

"హజరత్తన్నా, వాడు లాగేది నేను చూసినా" అని నేను అడ్డుపడ్డాను.

"నువ్వు అర్జీలు రాసుకోబ్బా. వీపుల సంగతి నాకొదిలిపెట్టు" అని, కామాక్షయ్య వైపు తిరిగాడు. "రేపు తాడు పట్టినకాడ్నించి వల ఒడ్డెక్కిందాకా నువ్వు నీళ్లు తాకగూడదు. వీపు తడిస్తే నీ చోటు నీది. తడవకపోతే ఇంక ఈ తాడు మీద నీకు చోటు లేదు. పోయి ఆడోళ్లతో చేపలు ఎండబెట్టుకో."

ఇంటికొచ్చాక పేరమ్మ ఏడ్చింది. "వద్దన్నా, వాడు చచ్చిపోతాడు, నువ్వైనా చెప్పు" అంది. వాడు వినలేదు. "చోటు పోయినాక ఉండి ఏం జేసేదమ్మా?" అన్నాడు. చోటు లేనివాడికి మా పల్లెలో మాట లేదు, పిల్లనిచ్చేవాడూ లేడు. అది మా చెల్లెలికీ తెలుసు.

మర్నాడు పడమటి గాలి. ఆ గాలి తోలినప్పుడు సముద్రం పక్కనే ఉన్నా పొయ్యి ముందర కూర్చున్నట్టుంటుంది. కామాక్షయ్య మొదట అందరికంటే బలంగానే లాగాడు. కాసేపటికి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ఆ తరువాత జట్టంతా "హైలెస్సా" అంటుంటే వాడి గొంతు వినపడలేదు. లాగే అదను తప్పింది. వాళ్లు వాలినప్పుడు వీడు నిలబడుతున్నాడు, వాళ్లు నిలబడినప్పుడు వీడు వాలుతున్నాడు. ఉన్నట్టుండి, "తలుపు మూయమ్మా, ఎండ కొడతా ఉండాది" అన్నాడు. ఇసుక దిబ్బ మీద తలుపేమిటి? చిన్నపోలయ్య తిరిగి చూసేలోగా కూలిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. గుప్పిట్లో తాడు మాత్రం అలాగే ఉంది.

హజరత్తయ్య పరుగున వచ్చి వీపు మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేశాడు. "పొడిగానే ఉండాదే... కాలిపోతా ఉండాదబ్బా!"

"జొరం! కంబళి తేండి!" అని కేకలు. ఎండలో కాగిన ఒంటి మీద నీళ్లు పడితే ప్రాణం పోతుందని మావాళ్లకు గట్టి నమ్మకం. ఎవరో కంబళి తెచ్చి కప్పబోయారు. పేరమ్మ దాన్ని లాగి అవతల పారేసింది.

"జొరం కాదు, ఏమీ కాదు! వాణ్ణి కడుపున మోసిన దాన్ని, నాకు తెలీదా? నీళ్లలో పెట్టండి!"

ఒక్కరూ కదలలేదు. చంపిన పాపం తమకు చుట్టుకుంటుందేమోనని భయం. చివరికి చిన్నపోలయ్యే కాళ్లు పట్టాడు, నేను భుజాలు పట్టాను. అలలు వచ్చిపోయే చోట పడుకోబెట్టి, తల పేరమ్మ ఒళ్లో పెట్టి, తాటాకులతో విసిరాం. తూర్పు గాలి తిరిగే వేళకు కళ్లు తెరిచి, "వల వచ్చిందా మామా?" అన్నాడు. వచ్చిందిరా అన్నాను. నిజానికి తాడు వదిలేసి అందరూ నీళ్ల దగ్గరే నిలబడ్డారు. ఆనాటి వల ఎటు పోయిందో అడిగినవాడు లేడు.

బండి మీద కావలి తీసుకుపోయాం. పిలవకుండానే హజరత్తయ్య కూడా బండెక్కాడు. డాక్టరు పద్మనాభయ్య గారు భూతద్దంతో వాడి అరచేతులు చాలాసేపు చూశారు. "ఇతనికి చెమట రంధ్రాలే లేవండీ. పుట్టుకే అంత" అన్నారు. తరువాత మాకు అర్థమయ్యేలా చెప్పారు. మనిషి ఒంట్లో పొయ్యి ఎప్పుడూ మండుతూనే ఉంటుందట. తిన్న తిండే దానికి కట్టెలు, పని చేసినకొద్దీ మంట పెరుగుతుంది. అప్పుడు నెత్తురు ఆ వేడిని మోసుకుని చర్మం దగ్గరికి వస్తుంది. చెమట పోస్తుంది. అది గాలికి ఆరుతూ వేడిని తన వెంట తీసుకుపోతుంది. చలి వేస్తే నెత్తురు లోపలికి తగ్గి, ఒళ్లు వణికి వేడి పుట్టించుకుంటుంది. మనం నిద్రపోతున్నా ఈ పని జరుగుతూనే ఉంటుంది. చెమట ఆరే దారి మూసుకుపోతే వేడి లోపలే పేరుకుని, ముందు మెదడును పట్టుకుంటుంది. మాట తడబడుతుంది, మనిషి లేని తలుపులు చూస్తాడు, ఆపైన ప్రాణమే పోతుంది. ఆనాడు కంబళి కప్పి ఉంటే ఇక్కడిదాకా వచ్చేవాడు కాడన్నారు.

"అయితే వీడు తాడు లాగగూడదా సామీ?" అన్నాడు హజరత్తయ్య.

"తడిగుడ్డ కప్పుకుని, అది ఆరకుండా చూసుకుంటూ, మధ్య మధ్య నీడలో కూర్చుంటూ లాగొచ్చు. పైన పోసిన నీళ్లే ఇతని చెమట."

 మళ్లీ వల వేసిన రోజున హజరత్తయ్య తానే ఒక నీళ్ల కడవ తెచ్చి కామాక్షయ్య పక్కన ఇసుకలో దింపాడు. వల ఒడ్డెక్కాక వీపులు తడమలేదు. "చేతులు చాపండిరా" అన్నాడు. తాడు ఒరుసుకుపోయిన అరచేతులు చూసి పాళ్లు పంచాడు. ఈనాటికీ మా పల్లెలో అదే పద్ధతి. ఒక ఆచారాన్ని మార్చినవాడు మా ఇంటి బిడ్డ అని రాయడానికి నాకు మొహమాటం లేదు.

అంతటితో ఆగలేదు వాడు. మరుసటి ఏడే పెళ్లి చేసుకున్నాడు. 1963 రోహిణి కార్తెలో చిన్నపోలయ్య తాడు మీద పిచ్చిమాటలు మాట్లాడుతుంటే, తాగి వచ్చాడని అందరూ వేళాకోళం చేశారు. కామాక్షయ్య ఒక్కడే పోయి అతని వీపు ముట్టుకున్నాడు. పొడిగా ఉంది. అంతసేపు ధారగా పోసిన చెమట ఆగిపోయింది. నలుగురినీ కేకేసి నీళ్లలో పడుకోబెట్టించి బతికించాడు. ఆనాటి నుంచి మా పల్లెలో ఎండకు పడిపోయినవారికి కంబళి కప్పినవాడు లేడు.

ఈ వేసవిలో మద్రాసు పెద్దాసుపత్రి డాక్టర్లు కామాక్షయ్యను పరీక్షించాలని పద్మనాభయ్య గారి ద్వారా కబురు పంపారు. వాడు పోనన్నాడు. చేపల వేటకాలం మధ్యలో చోటు వదిలినవాడి చోటు పక్కవాడిది అవుతుంది. ఆ కట్టుబాటు మాత్రం ఇంకా మారలేదు.

"అంత కష్టపడి తెచ్చుకున్న చోటు మామా, ఎట్టా వదిలేది?" అన్నాడు నాతో.

ఆ మాట హజరత్తయ్య విన్నాడు. "పోరా పో. నువ్వొచ్చిందాకా నీ చోట నేను నిలబడతా. ఎవుడొచ్చి తీసుకుంటాడో చూస్తా."

"నీ మోకాళ్లతోనా పెదనాయనా?"

"నా మోకాళ్లు నీ మేకుల పండ్లకంటే నయంలే!"

వల యజమాని తాడు పట్టడం మా పల్లె ఎన్నడూ ఎరగదు. కామాక్షయ్య మద్రాసు పోయిన నాటి నుంచి హజరత్తయ్య రోజూ పట్టుకుంటున్నాడు. మూలుగుతూ, చిన్నపోలయ్యను తిడుతూ, ఎవరినీ ఆ చోట అడుగు పెట్టనివ్వకుండా లాగుతున్నాడు. కామాక్షయ్య పరీక్షలు ముగించుకుని, తిరుగు మద్రాసు బండిలో బిట్రగుంట స్టేషనులో దిగేది 1964 మే పదహారు, శనివారం.