ఖతీఫ్ తోటలో పాత తాళ్లు

గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది వేసవిలో కువైట్ చమురు మంటల పొగ మా తోట దాకా వచ్చేది. సౌదీలోని ఖతీఫ్ శివార్లలో ఖర్జూర తోట అది. మట్టలు ముట్టుకుంటే చేతులు నల్లబడేవి. ఊళ్లో ఈతచెట్లెక్కి కల్లు గీసినవాణ్ణి కాబట్టి నాకు అక్కడ పని దొరికింది. నాతోపాటు మా జిల్లావాళ్లు కొందరు, ఒక పాకిస్తానీ ఉండేవాళ్లు.

గెలలు కోసే రోజుల్లో మాలో అందరికన్నా పెద్దవాడు నడుముకు కట్టుకున్న తాడు తెగింది. కిందపడి వెన్ను విరిగింది. ఆస్పత్రి నుంచి అటే ఊరికి పంపేశారు. మిగతా తాళ్లూ అలాంటివే, ఎండకు పీచులు లేచినవి. కొత్తవి వచ్చేదాకా ఎవరూ చెట్టెక్కొద్దని ఆ రోజు గదిలో అన్నం తింటూ అనుకున్నాం.

మర్నాడు మేం నోరు తెరవకముందే మేనేజరు వచ్చాడు.

"చెట్టెక్కనన్నది ఎవరు?" అని అరబీలో గద్దించాడు.

నేనది తెలుగులో చెప్పగానే, గదిలో అనుకున్నది ఇతని దాకా ఎలా పోయిందా అనుకున్నాం.

"గా ముసలాయననే చెప్పిండు," అన్నాడు గదిలో నా పక్క మంచంవాడు గొంతు తగ్గించి. "మన గది ఎనకనే నీళ్లు కడ్తుండె. అంత ఇన్నడు."

చెట్లకు నీళ్లు కట్టే ఆ ముసలాయన ఆ తోటలోనే బానిసగా పుట్టాడు. బానిసత్వం రద్దయి విడుదలైనా ఎటూ పోలేదు. తిండి అప్పటికీ యజమాని ఇంట్లోనే. మావాళ్లతో ఏళ్లుగా మెలిగి మా మాటలు కొన్ని అర్థం చేసుకునేవాడు. మేం అనుమానించడానికి అది చాలింది. కొందరు నన్నూ అనుమానించారని తర్వాత తెలిసింది. మేనేజరుతో అరబీలో మాట్లాడేది నేనొక్కణ్ణే మరి.

అయినా ఎవరం ఎక్కలేదు. చెట్ల కింద కూర్చున్నాం. కాసేపటికి ముసలాయన పార పక్కన పడేసి వచ్చి మా మధ్య కూర్చున్నాడు. మేం కాస్త పక్కకు జరిగాం.

మధ్యాహ్నం మా కఫీల్, అంటే తోట యజమాని, కారులో దిగాడు. మాతో కాకుండా ముసలాయనతో అన్నాడు, "వీళ్లతో నీకేం పని?"

ముసలాయన లేచి నిలబడ్డాడు. "మీ నాన్న కాలంలో నేను పడితే ఆయనకు నష్టం. అందుకని ఏటా కొత్త తాడు ఇచ్చేవాడు. వీళ్లు పడితే మీకేం పోతుంది? ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు."

యజమాని కారెక్కి వెళ్లిపోయాడు. మావాళ్లకు ఆ మాటలు తెలుగులో చెప్పాను.

"నిజంగ గట్లనే అన్నడా, నువ్వు కల్పిస్తున్నవా?" అన్నాడు నా పక్కవాడు.

వారం తిరక్కుండా కొత్త తాళ్లు వచ్చాయి. వాటితోపాటు నా పక్కవాడికి ఎగ్జిట్, అంటే దేశం విడిచి పొమ్మనే కాగితం, కూడా వచ్చింది. చెట్టెక్కొద్దని మొదట అన్నది అతనే. ఆ సంగతి మేనేజరుకు చేర్చిందెవరో ఈనాటికీ తెలియదు. వెళ్లేటప్పుడు అతను నాతో చెయ్యి కలపలేదు.

ఆ తర్వాత గదిలో ఒక్క పొయ్యి మీద వండుకోవడం మానేశాం. ఎవరి గిన్నె వారిదే. ఒకరోజు ముసలాయన అది చూసి, "మీరంతా ఒక్క గదివాళ్లే కదా, వేరువేరుగా తింటారేం?" అని అడిగాడు.

అరబీ రానట్టు ఊరుకున్నాను.