మనది కాని దుప్పటి

మా అత్తకి దేవుడికి దండం పెట్టడం అలవాటు కాదు, జబ్బు. అనకూడదు గానీ అంటాను. బస్సు దొరికితే దండం. దొరక్కపోతే, ఆ బస్సుకి ఏం మూడిందో, మనల్ని తప్పించాడని దండం. పాలు పొంగితే పొయ్యి మీద పోయాయి గానీ ఒంటి మీద పడలేదని దండం. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఆవిడ ముచ్చటపడి కొనుక్కున్న గాజు జాడీని చెయ్యి జారి పగలగొట్టాను. ఆవిడ కూర్చుని ముక్కలు ఏరుతూ, "పోయేది దీంతో పోయింది, మంచిదే" అంది. అబ్బ, ఎంత మంచి అత్త దొరికిందిరా అనుకున్నాను. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ మాటే నా చెవిలో జోరీగ అయింది.

ఆవిడ పడ్డ కష్టం తక్కువదేం కాదు. మా ఆడపడుచు ఇంకా పాకుతుండగానే మామగారు పోయారు. ముగ్గురు పిల్లల్ని సాకడానికి పెద్దాసుపత్రిలో బట్టలుతికే గదిలో చేరింది. కిటికీల్లేని గది, సిమెంటు తొట్లు, ముక్కు పగిలే మందు వాసన. వార్డుల నుంచి దుప్పట్లు మూటలు మూటలుగా వచ్చి పడేవి. రక్తం మరకని ముందు చన్నీళ్ళలోనే నానెయ్యాలిట, వేణ్ణీళ్ళు తగిలాయంటే ఆ మరక ఇక బట్టతోనే పోతుందిట. ఈ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

చెప్పిన ప్రతిసారీ ఇంకో మాట కూడా చెప్పేది. తొట్లో వేసే ముందు ఒక్కో దుప్పటినీ విప్పి చూసి, "ఇది మనది కాదు, అది చాలు తండ్రీ" అనుకునేదిట. ఇంట్లో పిల్లలు జ్వరాలతో పడున్నా, పొయ్యిలో పిల్లి లేవకపోయినా, ఆ దుప్పటి మనది కాదు కదా అనుకుంటే పని చెయ్యడానికి చేతులు వచ్చేవిట. "ఆ మాటే లేకపోతే ఆ గదిలో పిచ్చెక్కి చచ్చేదాన్నే" అనేది. అప్పట్లో నాకు అందులో తప్పేం కనపడలేదు. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికితే పట్టుకుంటాడు, ఎవరి పొలంలోదని అడుగుతాడా?

పిల్లలు ఎదిగొచ్చాక ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. ఏటా సెలవుల్లో అందరం మా ఇంట్లో కూడాలి. వడ్డించిన విస్తళ్ళ ముందు కూర్చోవాలి. ఆవిడ కళ్ళు మూసుకుని, ఆ ఏడాది ఒక్కొక్కరికీ దేవుడు చేసిన మేలు పైకి చెప్పాలి. అది అయ్యేదాకా మెతుకు ముట్టకూడదు. మా బావగారు నోరు ఊరుకునే మనిషి కాదు. "అమ్మా, దేవుడికి వినపడిందే. ఇక మా కడుపులో కేకలు కూడా నువ్వు కాస్త విను" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. ఆవిడ కళ్ళు తెరవకుండానే ఆయన నెత్తిన ఒక్కటిచ్చి కొనసాగించేది.

పోయిన ఏడాది దాకా అలాగే నడిచింది.

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఆయనకి జోడీ ఒకాయన ఉండేవాడు, అందరూ పొట్టోడు అనేవాళ్ళు. ఇద్దరూ పని నేర్చుకునే రోజుల నుంచీ కలిసే తిరిగారు. వాళ్ళది ఇద్దరి పని. ఒకడు లిఫ్టు పెట్టె నెత్తి మీదకెక్కి పని చేస్తుంటే, ఇంకొకడు పైన మోటారు గదిలో స్విచ్చి దగ్గర కాపలా ఉండాలి. స్విచ్చి మీద చెయ్యి వేసే ముందు ఒకళ్ళనొకళ్ళు కేకేసి అడగాలి. అది తప్పిస్తే ప్రాణాలతో చెలగాటమే.

ఆ రోజు మా ఆయన పుట్టినరోజు. అత్త సాయంత్రం మందిరంలో ఆయన పేరున ప్రార్థన పెట్టించింది. బయల్దేరావా, బయల్దేరావా అంటూ ఫోను మీద ఫోను చేసింది. పొట్టోడు పెట్టె మీద నుంచే, "నట్లు బిగించడమే కదరా మిగిలింది, నే చూసుకుంటాలే. నువ్వు పో, లేకపోతే మీ అమ్మ ఫోనులోంచి బయటికొచ్చేలా ఉంది" అన్నాడుట. మా ఆయన పనిసంచీ భుజాన వేసుకుని వచ్చేశాడు. ఆ సంచీ బయటికి వెళ్ళడం కింద కూర్చున్న వాచ్‌మన్ చూశాడు. పని అయిపోయి ఇద్దరూ వెళ్ళిపోయారనుకున్నాడు. మెట్లెక్కలేని ముసలావిడ ఎవరో విసుక్కుంటుంటే, పాపం, పైకెళ్ళి స్విచ్చి వేశాడు.

మేం మందిరంలో ఉండగానే ఫోను వచ్చింది, లిఫ్టు కదిలి పొట్టోడు పోయాడని. మా ఆయన మొహం చూస్తే సున్నం కొట్టినట్టుంది. సంగతి తెలియగానే అత్త ఆయన భుజాలు, చేతులు తడిమి చూసుకుంది. తర్వాత రెండు చేతులూ పైకెత్తి, "నా బిడ్డని బయటికి లాగేశావా తండ్రీ! నా ప్రార్థన విన్నావా!" అంది. మందిరం అంతా విన్నది. మా ఆయనా విన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి ఆయన తల్లితో మాట్లాడలేదు. లిఫ్టు తిరిగే గోతిలోకి దిగడం మానేసి గోడౌన్లో సామాన్లు అందిస్తూ కూర్చున్నాడు. ఇంట్లో తల్లి ఒక గదిలోకి వస్తే ఆయన ఇంకో గదిలోకి పోయేవాడు. మధ్యలో నేను, అడకత్తెరలో పోకచెక్కని. "అన్నం తిన్నాడేమో అడుగు" అని ఆవిడ. "తిన్నానని చెప్పు" అని ఈయన. మనిషికీ మనిషికీ మధ్య మూరెడు దూరం, మధ్యన నేను టెలిఫోను తీగ!

సెలవులు దగ్గరపడ్డాయి. ఒకరోజు వంటింట్లో కూర తరుగుతూ అత్త అంది.

"ఈసారి నా మొక్కు తీర్చుకోవాలే. అందరి ముందూ పైకి చెప్పుకోవాలి, నా కొడుకుని కాపాడాడని."

"అత్తయ్యా, మీకు దండం పెడతాను. ఆ ఊసెత్తకండి. ఎత్తితే విస్తరి ముందు నుంచి లేచి పోతానని, ఇక ఈ ఇంట్లో ఉండనని మీ అబ్బాయి ముందే చెప్పాడు."

కత్తిపీట ఆపింది. ఆవిడ కళ్ళలో నేను కోపం చూస్తాననుకున్నాను. భయం కనిపించింది. "చెప్పకపోతే ఎలాగే? మేలు పొంది నోరు మూసుకుంటే ఇచ్చినవాడు వెనక్కి తీసుకోడూ? వాడు ఇల్లు వదిలి పోతే ఎక్కడో ఒకచోట బతికే ఉంటాడు కదే."

ఆవిడ అల్లరి కోసం చెప్పడం లేదు, కొడుకు ప్రాణం కోసం చెబుతోంది. ఆయనేమో ఆ మాట వింటే బతకలేడు. ఇద్దరిలో ఎవరి వైపు నిలబడను? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ రోజు రానే వచ్చింది. బావగారి కుటుంబం, ఆడపడుచు కుటుంబం దిగారు. ఇల్లంతా సందడి, చెప్పుల గుట్ట, పిల్లల అరుపులు. విస్తళ్ళు వేస్తుండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. చూద్దును గదా, పొట్టోడి భార్య. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"రామ్మా, రా" అంటూ అత్త ఎదురెళ్ళింది. ఆవిడే పిలిచిందిట! సెలవుల పూట కష్టంలో ఉన్న మనిషి ఒంటరిగా తినకూడదని పిలిచిందిట. అయ్యో నా తల్లీ, ఎంత మంచిదానివో అంత తెలివితక్కువదానివి! మా ఆయన పాలిపోయి, గోడకి అంటుకుపోయి కూర్చున్నాడు. ఆ అమ్మాయి వైపు తలెత్తి చూడలేదు.

అందరం కూర్చున్నాం. అత్త కళ్ళు మూసుకుంది. బావగారి కూతురి పరీక్షలకీ, ఆడపడుచు కాన్పుకీ దండాలు అయ్యాయి. ఈ ఏడాది బావగారు జోకు వెయ్యలేదు. తర్వాత మా ఆయన వంతు వచ్చింది.

"తండ్రీ, ఆ రోజు నా కొడుకుని ఆ గోతిలోంచి నీ చేత్తో పిలిచి బయటికి తెచ్చావు. నీ రుణం..."

మా ఆయన విస్తరి పక్కకి తోసి లేచాడు. నేను చెయ్యి పట్టుకున్నాను, విదిలించుకున్నాడు. అప్పుడు ఆ అమ్మాయి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"మరి మా ఆయన్నెందుకు పిలవలేదు పెద్దమ్మా?"

అత్త కళ్ళు తెరిచింది. ఎప్పుడూ ఏదో ఒక జవాబు ఉండే మనిషి, "నాకు తెలీదమ్మా" అంది. అంటూనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నాకు తెలీదు. మీ ఇంట్లో ఏడుస్తున్నారని తెలిసీ నేను చేతులెత్తి దండం పెట్టాను. నా బిడ్డ కాదు, చాలు అనుకున్నాను. అదొక్కటే అనుకున్నాను తల్లీ."

నిజం చెబుతున్నాను, నేనూ అదే అనుకున్నాను. నా మొగుడు బతికినందుకు నాకు సంతోషం. అప్పుడూ సంతోషమే, ఆ అమ్మాయి ఎదురుగా కూర్చున్న ఆ క్షణంలోనూ సంతోషమే. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతోంది, అయినా సంతోషమే.

"నేనైనా అదే చేసేదాన్ని" అంది ఆ అమ్మాయి. "మా ఆయన బతికి ఈ అన్నయ్య పోయుంటే నేనూ చేతులెత్తి దండం పెట్టేదాన్ని. కానీ మిమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి మీ ముందు చెప్పేదాన్ని కాదు పెద్దమ్మా."

అత్త తల దించుకుంది. మా ఆయన గుమ్మం దాకా వెళ్ళినవాడు అక్కడే ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు.

"అమ్మనేం అనకమ్మా" అన్నాడు. ఇన్ని నెలల తర్వాత ఆయన నోట అమ్మ అన్న మాట విన్నాను. "ఫోను రాగానే ముందు నాకూ అదే అనిపించింది. వాడి కోసం ఏడవడానికి ముందు, నేను కాదు అనుకున్నాను. ఆ మాట నేను లోపల అనుకున్నాను, అమ్మ పైకి అంది, అంతే తేడా. నా మీద కోపం అంతా అమ్మ మీద తీర్చుకున్నాను."

నిలబడలేక గుమ్మం మీదే కూలబడ్డాడు. ఆయన భుజాలు అదిరిపోతుంటే చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం ఆయన వైపే చూస్తోంది.

"అనుకుంటే అనుకున్నారు అన్నయ్యా. ఎవరైనా అనుకుంటారు. దానికి నాకేం కోపం లేదు. మట్టి చేసిన రోజున వీధి చివర నిలబడి చూసి వెళ్ళారు. ఆ తర్వాత మా గుమ్మం తొక్కలేదు. ఎదురుపడితే సందు తిరిగిపోతున్నారు. రోజూ మా ఇంట్లో టీ తాగిన మనిషి." ఆమె విస్తరి ముందు నుంచి లేచింది. "మామయ్య కూడా పోయాడా అని అడుగుతోంది మా పిల్ల. నేనేం చెప్పను?"

ఆయన తువ్వాలు వెతక్కుండా అరచేతులతోనే మొహం తుడుచుకున్నాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు.

"పద చెల్లెమ్మా" అన్నాడు. "నేనున్నానని పిల్ల నన్ను చూస్తేనే నమ్ముతుంది."