గుర్రాల కొట్టంలో సమ్మె

ముర్దీనా ఈ సంగతి నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కథలో వాన ఇంకాస్త పెరిగేది.

లూయిస్ దీవి నుంచి ఏటా వేసవిలో లెర్విక్ రేవుకు చేపల పనికి వెళ్లే ఆడవాళ్లలో ఆమె ఒకతి. పని ముగ్గురేసి జట్టుగా సాగేది: ఇద్దరు హెర్రింగ్ చేపల పొట్ట కోస్తే, ఒకరు పీపాల్లో ఉప్పు చల్లి పేర్చాలి. ముర్దీనా జట్టులో చెల్లెలు ఎఫీ, పక్కింటి సీనా.

ఆ ఏడు వాన వదల్లేదు. వాళ్లు నిలబడి కోసే చేపల తొట్ల మీద కప్పు లేదు. కత్తి తగలకుండా వేళ్లకు చుట్టుకున్న గుడ్డ పీలికలు నాని జారిపోయేవి. కత్తి గాట్లలోకి ఉప్పు దిగేది. ఎఫీ చెయ్యి వాచిపోయి పిడికిలి బిగియడం లేదు.

కప్పు వేయించమని ముర్దీనా యజమాని టలక్‌ను అడిగింది.

"సముద్రం ఒడ్డున పుట్టి వానకి భయమేంటే?" అని నవ్వాడాయన.

"మీ గుర్రాలూ ఇక్కడే పుట్టాయి కదయ్యా. వాటికి కొట్టమెందుకు కట్టారూ?"

మర్నాడు పడవలు నిండుగా వచ్చాయి. ఆడవాళ్లెవరూ వేళ్లకు గుడ్డలు చుట్టలేదు. ముర్దీనా వెంట గుర్రాల కొట్టంలోకి నడిచి, గడ్డి మీద కూర్చుని అల్లికలు బయటికి తీశారు.

టలక్ గుమ్మంలో నిలబడి అరిచాడు. "చేప కుళ్లిపోతుందే! లేవండి!"

"మేజోడు మడమ దగ్గరికొచ్చానయ్యా, ఇప్పుడు లేస్తే పాడవుద్ది," అంది సీనా. కొట్టమంతా నవ్వింది.

మధ్యాహ్నానికి ఆయన గొంతు దిగింది. "సరే, కప్పు వేయిస్తా. కానీ ముర్దీనా ఇవాళే ఇంటికి పడవెక్కాలి. ఈ రేవులో దానికిక పని లేదు."

సూదులు ఆగిపోయాయి. ముర్దీనా ఎఫీ చేతికేసి చూసి లేచింది. "వెళ్తాలే. కప్పు పడితే చాలు."

ఎఫీ ఆమె పావడా పట్టుకు లాగింది. "కూర్చోవే అక్కా! నువ్వు లేకుండా జట్టేంటి? నీతో నేనూ వస్తా."

"నేనూ," అంటూ సీనా మూట కట్టింది. వెనక ఇంకో జట్టు లేచింది. తర్వాత ఇంకొకటి. చివరికి కూర్చున్నవాళ్లెవరూ లేరు.

"ఆ పడవలో మా అందరికీ చోటుంటదా అయ్యా?" అంది అందరిలోకీ పెద్దావిడ.

టలక్ చేపల కుప్ప వైపు చూశాడు, దాని మీద వాలుతున్న సముద్రపక్షుల వైపు చూశాడు. "ఎవరూ వెళ్లక్కర్లేదు తల్లీ! ముర్దీనా కూడా!"

జాలర్లు పడవల నుంచి తెరచాపలు విప్పి తెచ్చి తొట్ల మీద కట్టారు. "ఆ మూల కారుతోంది, ఇంకాస్త లాగండి," అని ముర్దీనా దగ్గరుండి బిగించి కట్టించింది. ఆ తర్వాతే వేళ్లకు గుడ్డలు చుట్టుకున్నారు. పైన వాన మోగుతుంటే, దాన్ని మించిన గొంతుతో పాడుతూ కోశారట.

మరుసటేడు చెక్క కప్పు వచ్చింది. దాని కింద నిలబడి ముర్దీనా మొదటిరోజే, చేతి పుండ్లకు కట్లు కట్టే నర్సు కావాలంది.

టలక్ ఈసారి నవ్వలేదు.

"ఎప్పటికి కావాలమ్మా?" అన్నాడు.