చెట్టు వెనక దిగిన చుక్క

మొన్న మా మనుమరాలు ఫోనులో ఒక బొమ్మ చూపించింది. నడుమ సూర్యుడు, చుట్టూ భూమి తిరిగే గీత, ఆ గీతను దాటుకుంటూ కోడిగుడ్డులా సాగిన ఇంకో గీత. ఆ రెండో గీత మీద ఒక రాయి తిరుగుతోందట, కొన్నేళ్ళకోసారి మన దాపునకు వచ్చి మళ్ళీ తన దారిన పోతుందట. పిల్ల చెబుతూనే ఉంది గానీ, బస్తరు రాజుగారి ఏలుబడి నాటి ఒక ఎండాకాలపు వేకువన, గొల్లపల్లి అడవిలో మా నాయనమ్మ వెనక గంప పట్టుకుని నడుస్తున్న చిన్నపిల్లనైపోయాను నేను.

ఇప్పపువ్వు రాలే రోజులవి. ఎండబెట్టిన ఆ పువ్వే మాకు సంతలో ఉప్పు, వానాకాలంలో తిండి. పొద్దెక్కకముందే ఏరుకోకపోతే అడవి జంతువుల పాలు. ఆవేళ మేం మా చెట్టు చేరామో లేదో, తూర్పు నుంచి ఒక నిప్పుముద్ద చప్పుడైనా లేకుండా ఆకాశమంతా దాటి, సరిగ్గా ఆ చెట్టు వెనక దిగి మాయమైంది. నాకు భయం, నాయనమ్మకు చెప్పలేనంత వింత. సంగతి విన్న ఊరి పూజారి, చుక్క పడిన చోటి పువ్వు ముట్టరాదనీ, దేవుణ్ణి అడిగి చెప్పేదాకా ఆగమనీ అన్నాడు. రోజూ పోయి, రాలిన పువ్వు నేల మీదే నల్లబడుతుంటే చూసి రావడమే మా పనైంది; ఈ ఏడు ఉప్పుకెట్లా అని ఇంట్లో ఒకటే దిగులు. నాయనమ్మ చెట్టు వెనక గుట్టంతా గాలించింది గానీ కాలిన ఆకొక్కటీ కనబడలేదు.

సంత రోజున అమ్మడానికి పువ్వు లేక, ఆవిడ ఊరికే కూర్చుని వచ్చేపోయేవాళ్ళను మా దోర్లీ మాటలో కొందరిని, గోండీలో కొందరిని చుక్క సంగతి అడగసాగింది. అందరూ చెయ్యెత్తి పడమటికే చూపారు, అందరూ తమ చెట్టు వెనకే పడిందన్నారు, మాకు పడమట ఎంతో దూరాన ఉన్న ఊళ్ళవాళ్ళతో సహా. పాపం, వాళ్ళూ ఏరడం మానుకున్నవాళ్ళే! నాయనమ్మ పకపకా నవ్వి, సంతకొచ్చిన మా పూజారిని పట్టుకుంది.

"ఒక్క చుక్క ఇన్ని చెట్ల ఎనక ఎట్ల పడ్తదయ్యా? అది పడలే, పోయింది. ఎటు పోయిందో, మళ్ళొస్తదో, అదడుగు మీ దేవుణ్ణి."

ఆయన, "ఏరుకో అవ్వా, నా చెట్టు కిందా మురుగుతాంది," అన్నాడు.

మర్నాటి నుంచి గంపలు నిండాయి. ఆ తర్వాత ప్రతి ఏడూ పువ్వుకు వంగే ముందు నాయనమ్మ పడమటి గుట్ట వైపు ఒకసారి చూసేది; దారి తెలిసి పోయినది తిరిగి రాకుండా ఉంటుందా అనేది.

ఇప్పుడు ఫోనులో ఆ రాయి మళ్ళీ ఏ ఏడు వస్తుందో కూడా ఉంది, ఎటు చూశావని ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు, సంతలో ఆకాశానికి చెయ్యెత్తేవాళ్ళూ లేరు. మేం చూసింది ఆ రాయి చుట్టమో కాదో నాకు తెలియదు. మనుమరాలిని ఆ గీత మళ్ళీ చూపించమన్నాను. పోయింది, తిరిగొస్తుంది, అడిగిన మనిషి లేకుండా జవాబు మాత్రం నా చేతికొచ్చింది.